దయచేయుట, సత్రము, తొట్టి: కృష్ణా దిగువ డెల్టా నుడిలో క్రిస్మస్ అర్థం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘దయచేయు’ అనే క్రియకు ఉన్న అర్థవిస్తృతి గమనించదగినది. గౌరవనీయుడైన అతిథి వాకిట నిలిచినప్పుడు గృహస్థు ‘దయచేయండి’ అంటాడు. అక్కడ దాని అర్థం లోపలికి రమ్మని. పెద్దలు వస్తువునో వరాన్నో ఇచ్చినప్పుడు ‘దయచేశారు’ అంటారు. అక్కడ అర్థం ఇవ్వడం. మాటలు ముగిసి సాగనంపవలసి వచ్చినప్పుడు ‘ఇక దయచేయండి’ అనడమూ ఉంది. అక్కడ అర్థం వెళ్లమని. రావడం, ఇవ్వడం, వెళ్లడం మూడూ దయ అనే ఒక్క గుణాన్ని ఆశ్రయించి ఒకే క్రియలో ఇమిడిపోయాయి.

క్రైస్తవ విశ్వాసంలో క్రిస్మస్‌కు మూలమైన భావన కూడా దయ, రాక, దానం అనే మూడింటి ఐక్యమే. దేవుడు లోకాన్ని ప్రేమించాడనీ, ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చాడనీ, ఆ ఇవ్వడం ఆయన స్వయంగా రావడమేననీ ఆ విశ్వాసం చెబుతుంది. ఈ మూడింటికీ కలిపి తెలుగులో సిద్ధంగా ఒక క్రియ ఉంది. అయినా తెలుగు బైబిలు అనువాదకులు ‘దయచేయు’ను ప్రధానంగా ‘ఇచ్చు’ అనే అర్థానికే పరిమితం చేశారు. ప్రభువు ప్రార్థనలో అనుదినాహారాన్ని అడిగేది ఈ క్రియతోనే. క్రీస్తు రాకను చెప్పవలసినచోట మాత్రం ‘వచ్చు’, ‘జన్మించు’, ‘నివసించు’ వంటి సామాన్య క్రియలు కనిపిస్తాయి. ఇది అనువాదకుల లోపమా, లేక కథాస్వభావమే ఆ మర్యాదవాచకాన్ని నిరాకరించిందా అన్నది విచారించవలసిన విషయం.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన కృష్ణా దిగువ డెల్టా ఈ విచారణకు తగిన క్షేత్రం. దైవదయను గురించిన తెలుగు నుడి ఇక్కడ క్రైస్తవానికి ముందే అనేక రూపాల్లో పండింది. చర్చి మిషనరీ సొసైటీ తెలుగు ప్రాంతపు కృషి 1841లో మచిలీపట్నంలోనే మొదలైంది. 1864లోనూ 1977లోనూ సముద్రం ఈ నేల మీదికి వచ్చి, దైవదయ అనే మాటను ప్రశ్నార్థకం చేసింది. ఈ మూడు నేపథ్యాల్లో దయ, సత్రము, తొట్టి, వాత్సల్యము వంటి కొన్ని మాటలను పరిశీలించి, క్రిస్మస్ అర్థం ఈ సీమ పాఠకునికి ఏ రూపంలో అందుతుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దిగువ డెల్టాలో దైవదయ: పూర్వరంగం

ఘంటసాలలోనూ గుడివాడలోనూ బయటపడిన బౌద్ధస్తూపావశేషాలు ఈ ప్రాంతానికి కరుణ అనే భావన ఎంత పాతదో గుర్తు చేస్తాయి. బౌద్ధుల కరుణకూ క్రైస్తవుల కరుణకూ మధ్య నేరుగా వంశక్రమం కట్టడానికి ఆధారం లేదు. కానీ తెలుగు బైబిలులో నిబంధన మందసపు మూత ‘కరుణాపీఠము’ అయింది. దారిపక్కన కూర్చున్న గుడ్డివాని మొర ‘కరుణించు’ అనే క్రియతో వినిపించింది. అనువాదకులు కొత్త మాటలు పుట్టించలేదు. ఈ నేల మీద ఇతరులు వాడి అరగదీసిన మాటలనే అందుకున్నారు.

వైష్ణవభక్తిలో దైవం రాకకు ఈ సీమలో ప్రసిద్ధమైన ఘట్టం దివిసీమకు చేరువలోని శ్రీకాకుళానిది. కృష్ణాతీరంలోని ఆ క్షేత్రంలో ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు కలలో సాక్షాత్కరించి తెలుగులో కావ్యం చెప్పమని కోరినట్లు ఆముక్తమాల్యద పీఠిక చెబుతుంది. అక్కడ దైవం దయచేసింది చక్రవర్తి స్వప్నంలోకి. ఆ రాకలో మర్యాదాక్రమం చెడలేదు. మొవ్వ గోపాలుని పేర పదాలు చెప్పిన క్షేత్రయ్య వద్ద రాక మరో రూపం తీసుకుంది. అక్కడ దైవం నాయకుడు, భక్తి విరహం. నాయిక ఇల్లు సర్దుకొని ఎదురుచూస్తుంది. ఆయన రావచ్చు, రాకపోవచ్చు, ఆలస్యంగా రావచ్చు. ప్రేమ అనే మాటకు తెలుగులో శృంగారచ్ఛాయ ఎంత గాఢంగా పట్టిందో తెలుసుకోవడానికి ఈ పదాలే చాలు. క్రైస్తవ బోధకుడు ‘దేవుడు ప్రేమ’ అన్నప్పుడు ఆ మాట ఈ శ్రోతృలోకంలోకే వెళ్లింది.

మూడవది కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం. దివిసీమలోని పెదప్రోలుకు చెందిన ఈ కవి శ్రీకాకుళ దేవుణ్ణి నిందాస్తుతితో సంబోధించాడు. దేవుని వైభవమంతా భార్యాపుత్రుల చలవేనని ఎత్తిపొడిచాడు. ఆలయం ఆదరణ కోల్పోతుంటే ఊరకున్నాడని నిలదీశాడు. అయినా ప్రతి పద్యం చివరా మకుటంలో ఆ దేవుణ్ణి దాక్షిణ్యం కలవాడిగానే పిలిచాడు. ఇది విశేషం. అలంకారశాస్త్రంలో దక్షిణనాయకుడంటే అనేక నాయికల యెడ సమానానురాగంతో వర్తించేవాడు. కనుక దాక్షిణ్యంలో పక్షపాతం లేని దయ అనే ధ్వని ఉంది. కాసులకవి నింద సారాంశం, నీ పేరుకు తగిన గుణం నీలో ఎక్కడున్నదని అడగడమే. దైవదయను ఒప్పుకుంటూనే లెక్క అడిగే ఈ సాహసం దివిసీమ సాహిత్యంలో ముందే ఉన్నది. ఉప్పెన సందర్భంలో ఈ విషయం మళ్లీ అవసరమవుతుంది.

దయయు ప్రేమయు: జంటపదాల వివేకం

కతోలిక ఆరాధనక్రమంలో క్రిస్మస్ వేకువ పూజలో చదివే పాఠం తీతుకు రాసిన పత్రిక మూడవ అధ్యాయం నుండి వస్తుంది. క్రీస్తు రాకను అక్కడ దేవుని రెండు గుణాలు కనబడడంగా చెప్పారు. గ్రీకు మూలంలోని ఆ పదాలు ఖ్రేస్తోతేస్, ఫిలాన్త్రోపియా. మొదటిదానికి తెలుగులో ‘దయ’ అన్నారు. రెండవదానికి మానవుల యెడల ఉన్న ‘ప్రేమ’ అని విప్పి చెప్పారు. మొదటి పదాన్నే గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలాల పట్టికలో ‘దయాళుత్వము’ అన్నారు.

ఈ జంటను తెలుగు వాడుకతో పరీక్షిస్తే ఒక భేదం తేటపడుతుంది. దయ పైనుండి కిందికి ప్రవహించే గుణం. రాజుకు ప్రజల మీద, యజమానికి పనివాని మీద, తల్లికి బిడ్డ మీద దయ ఉండవచ్చు. బిడ్డకు తల్లి మీద, పనివానికి యజమాని మీద దయ ఉన్నదని తెలుగువాడు సాధారణంగా అనడు. కృప సంగతీ అంతే. ‘కృపాకటాక్షం’ అనే సమాసంలోనే పైనుండి పడే కడకంటిచూపు ఉంది. ప్రేమ అలాంటిది కాదు. అది ఇరువైపులా నడుస్తుంది; ఎదుటివారి బదులును కోరుతుంది; బదులు రాకపోతే నొచ్చుకుంటుంది.

గ్రీకులో ఫిలాన్త్రోపియా రాజుల బిరుదుగుణం. హెలెనీయ ప్రభువులు ప్రజల మీద చూపే ఉదారతకు అది పేరు. తెలుగు అనువాదంలో ఆ రాచరికపు వాసన పోయింది. దానికి బదులు ఇరువైపులా నడిచే ప్రేమ వచ్చింది. దయ అనే నిలువు సంబంధం పక్కన ప్రేమ అనే అడ్డ సంబంధం నిలిచింది. పైవాడు పైవాడిగానే ఉండి చూపేది దయ అయితే, పైవాడు పక్కకు వచ్చి కూర్చోవడం ప్రేమ. క్రిస్మస్ చెప్పేది మొదటిది రెండవదిగా మారిన క్షణాన్ని. ఈ మార్పు మూలగ్రీకులో కంటె తెలుగులోనే స్పష్టంగా వినిపిస్తుందనడం సాహసం కాదు.

అదే పాఠంలో ఆ గుణాలు ‘ప్రత్యక్షమైన’ సంగతి ఉంది. పురాణకథల్లో దేవుడు ప్రత్యక్షం కావడం సుపరిచితమైన ఘట్టం. తపస్సు పండుతుంది, దైవం ఎదుట నిలుస్తాడు, వరం కోరుకొమ్మంటాడు. బేత్లెహేము కథలో ప్రత్యక్షమైనవాడు వరం ఇవ్వగల స్థితిలో లేడు. పాలకోసం ఏడ్చే పసివాడు. పోల్చిచూస్తే అక్కడ అడిగేవాడు దేవుడు, ఇవ్వవలసినవారు మనుషులు. ఇది భక్తి నుడిలోని పాత మాట. కానీ దాని ముఖం తిరగబడింది.

సత్రము, విడిది, పూటకూళ్ల ఇల్లు

లూకా సువార్త రెండవ అధ్యాయంలో మరియ శిశువును పశువుల తొట్టిలో పడుకోబెట్టడానికి కారణం ఒక్క ఉపవాక్యంలో ఉంది: వారికి చోటు దొరకలేదు. ఎక్కడ దొరకలేదన్నదానికి గ్రీకులో కతలూమ అనే పదం ఉంది. దీనికి తెలుగు బైబిలు ‘సత్రము’ అన్నది. అదే గ్రీకుపదం చివరి పస్కా భోజనఘట్టంలో మళ్లీ వచ్చినప్పుడు తెలుగులో ‘విడిది గది’ అయింది. మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవాణ్ణి చేర్చినచోటు గ్రీకులో వేరే పదం, పన్దోఖేయోన్. దానికి తెలుగువారు ‘పూటకూళ్లవాని ఇల్లు’ అన్నారు. ఆంగ్లంలో జేమ్స్ రాజు అనువాదం బేత్లెహేము చోటుకూ సమరయుని చోటుకూ ఒకే మాట వాడింది. తెలుగు అనువాదకులు ఈ రెంటినీ వేరుచేశారు. ఆ వేర్పాటులో అర్థం ఉంది.

పూటకూళ్ల ఇల్లు డబ్బిచ్చి తినేచోటు. కన్యాశుల్కం చదివినవారికి పూటకూళ్లమ్మ పరిచితురాలే. సమరయుడు రెండు దేనారములు ఇచ్చి, మళ్లీ వచ్చినప్పుడు మిగిలినది తీరుస్తానన్నది అలాంటిచోటే. సత్రం అటువంటిది కాదు. వైదికపరిభాషలో సత్రం దీర్ఘకాలం సాగే యాగం. కాలక్రమంలో అది అన్నదానశాలకు పేరైంది. యాగఫలాన్ని కోరిన దాత మాన్యం రాసి పెట్టే ధర్మసంస్థ అది. అంటే సత్రం ఈ దేశంలో దయ కట్టుకున్న ఇల్లు.

ఆ ఇంటికి గడపలూ ఉన్నాయి. ఏ కులానికి ఏ పంక్తి, ఎవరికి లోపల, ఎవరికి బయట అన్న నిర్ణయాలు సత్రధర్మంలో భాగంగా నడిచాయి. కొన్ని సత్రాలు బ్రాహ్మణ సంతర్పణకే ఏర్పడ్డాయి. కులం అడగకుండా అన్నం పెట్టినందుకే గోదావరి డెల్టాలోని డొక్కా సీతమ్మగారి పేరు నేటికీ నిలిచిందంటే, మిగిలినచోట్ల అడిగే ఆచారం ఎంత బలమైనదో ఊహించవచ్చు. దిగువ డెల్టాలోని క్రైస్తవ సంఘాల్లో అధికభాగం మాల మాదిగ కుటుంబాలు. ‘సత్రములో స్థలము లేదు’ అన్న సంగతి వారి చెవికి చేరినప్పుడు అది రద్దీ వల్ల వచ్చిన ఇబ్బందిగా వినబడదు. అది వారికి తెలిసిన నిరాకరణ. ఒక్క అనువాదపదం వల్ల పాలస్తీనా కథ తెలుగు కులవ్యవస్థలోకి నడిచివచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. కతలూమ అంటే బహుశా బంధువుల ఇంటిలోని అతిథిగది అని పలువురు నేటి పండితులు భావిస్తున్నారు. ఆ మేరకు ‘విడిది’ అనడమే మూలానికి దగ్గర. పెళ్లివారికి ఇచ్చే బస అనే అర్థం తెలుగు విడిదికి ఉంది. సువార్తల్లో క్రీస్తు పెండ్లికుమారునిగా చెప్పబడ్డాడు కనుక ఆ మాటకూ తగిన ధ్వని లభించేది. అనువాదకులు సత్రాన్ని ఎంచుకున్నది సమాజవిమర్శ కోసం కాకపోవచ్చు. బాటసారులు దిగే చోటుకు వెంటనే తట్టిన మాట అదే కావచ్చు. అయితే ఒక పాఠానికి అర్థం అనువాదకుని ఉద్దేశంతోనే ముగియదు. పాఠకుని బతుకులో ఆ మాటకు ఉన్న చరిత్ర కూడా అర్థంలో భాగమే. విడిది అన్నప్పుడు మూలంతో పొత్తు కుదిరేది. సత్రం అన్నప్పుడు దయ పేర నిలిచిన సంస్థలో దయామయునికే చోటు లేకపోయిందనే వైరుధ్యం పుట్టింది. ఉపోద్ఘాతంలో లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. ఆ రాత్రి గడపలో ‘దయచేయండి’ అన్న మాట ఎవరైనా అని ఉంటే, దాని అర్థం వెళ్లమనే. క్రీస్తు రాకకు ఆ క్రియను వాడకపోవడం లోపం కాదు.

ఈ విమర్శ మిషను సంస్థలకూ వర్తిస్తుంది. హెన్రీ ఫాక్స్‌తో కలిసి 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల తెరిచి, 1865లో మరణించేవరకు అక్కడే ఉన్నాడు. ఆంధ్రదేశపు ఆధునిక విద్యలో నోబుల్ విద్యాసంస్థల స్థానం సుస్థిరమైనది. కానీ ఆ పాఠశాల తొలిదశలో అగ్రవర్ణ విద్యార్థుల మీదే దృష్టి నిలిపింది. ఊరి చివరి పల్లెకు చోటు ఆలస్యంగా వచ్చింది. సత్రం గడప ఒక మతానికే పరిమితం కాదన్న సంగతి ఈ చరిత్రలోనే ఉంది.

తొట్టి: పని చేసే చోటు

సత్రానికి ఎదురుగా కథ నిలిపినది తొట్టిని. డెల్టా వ్యవసాయంలో తొట్టి అంటే పశువులకు కుడితి పోసేది, మేత వేసేది. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, తొట్టి కడిగి, రాత్రి పశువుల పక్కనే పడుకున్నవాడు పాలేరు. పశువుల కాపరిగా జీతానికి కుదిరిన పసివాడికీ అదే నిద్రచోటు. బేత్లెహేము గొర్రెల కాపరులకు రాత్రివేళ వార్త ముందుగా అందిందనడం ఈ శ్రోతలకు వింత కాదు. ఆ వేళకు పొలాన మెలకువగా ఉండేది ఎవరో వారికి తెలుసు. శ్రీకాకుళంలో రాజు స్వప్నానికి దయచేసిన దైవానికీ, పొలంలో కాపలా కాసేవారికి కబురంపిన దైవానికీ మధ్య భేదం ఇక్కడ సాహిత్యపరంగా స్పష్టమవుతుంది.

తెలుగులో ఇంకొక సొగసు ఉంది. తొట్టె, తొట్టెల అనే రూపాల్లో ఇదే మాట కొన్ని ప్రాంతాల్లో ఉయ్యాలకూ పేరు. తొట్టెలలో వేయడం బారసాలలో భాగం. ఆంగ్లంలో మేతతొట్టికీ ఉయ్యాలకూ మాటలు వేరు. అక్కడ ఒకటి రెండవదానికి బదులుగా ఉపయోగపడిందని చెప్పుకోవాలి. తెలుగులో ఆ రెండూ ఒకే ధాతువుకు చుట్టాలు. పేదరికాన్ని చెప్పే మాటలోనే లాలన ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనకారులు క్రిస్మస్ పాటల్లో జోలపాట బాణీని ఇష్టంగా పట్టుకోవడానికి ఈ నుడి అనుకూలించింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, చరణాల కీర్తనఫణితిని క్రైస్తవ ఆరాధనకు స్థిరపరచడం వల్ల ఆ బాణీ సంఘాల్లోకి సులభంగా చేరింది.

క్రిస్మస్ వచ్చే కాలం కూడా గమనించాలి. డెల్టాలో డిసెంబరు సార్వా కోతల కాలం. కోతకూలీ ఇంటికి గింజ చేరే రోజులు. ఏడాదిలో పల్లెకు పిండివంట సాధ్యమయ్యే కొద్ది రోజుల్లో ఇవి కొన్ని. రాత్రివేళ పాటల బృందాలు ఇంటింటి ముందూ నిలిచి పాడే ఆచారంలో, వాకిట నిలిచిన అతిథిని లోపలికి పిలవడమన్న కథాంశమే మళ్లీ నటించబడుతుంది. ఆ బృందానికి ఏ ఇల్లు తలుపు తీస్తుంది అన్నది ఆ రాత్రి నిజమైన ప్రశ్న.

పేగు పలకని చోటు

దైవప్రేమను చెప్పే గ్రీకు మాటల్లో లోతైనది స్ప్లాంఖ్న. దానికి వాచ్యార్థం పేగులు, లోపలి అవయవాలు. హెబ్రీలో దానికి సాటివచ్చే రహమీమ్ అనే మాట గర్భాన్ని సూచించే రెహెమ్‌కు చుట్టం. ఈ గ్రీకు మాటకు తెలుగు బైబిలు సందర్భాన్నిబట్టి మూడు రూపాలిచ్చింది. జెకర్యా స్తోత్రంలో ‘వాత్సల్యము’ అన్నది. జనసమూహాన్ని చూసిన యేసు విషయంలో ‘కనికరపడి’ అన్నది. సమరయుని విషయంలో ‘జాలిపడి’ అన్నది.

వాత్సల్యంలో వత్సం ఉంది. అప్పుడే ఈనిన ఆవుకు దూడ మీద ఉండే తహతహ దాని మూలం. పశువుల తొట్టి దగ్గర పుట్టిన శిశువు కథకు ముందు ఈ మాట రావడం యాదృచ్ఛికమే అయినా ఔచిత్యవంతం. జాలి దేశి పదం. బాటలో పడి ఉన్నవాని దగ్గర అది సరిగ్గా అమరింది. అయినా తెలుగు నుడికారంలో మూలానికి ఇంతకంటె దగ్గరి మాటలు ఉన్నాయి. పేగుబంధం, కడుపుతీపి, కడుపు తరుక్కుపోవడం అనే పలుకుబళ్లు తల్లిప్రేమను సరిగ్గా గ్రీకువారూ హెబ్రీవారూ చూపిన అవయవాల్లోనే చూపుతాయి. అనువాదకులు వాటిని తీసుకోలేదు. గ్రంథభాషకు అవి మోటుగా తోచి ఉండవచ్చు. పంతొమ్మిదవ శతాబ్ది సంస్కృతభూయిష్ఠ శైలికి అది సహజమే. కానీ దానివల్ల పల్లె శ్రోతకు తన సొంత పేగులో తెలిసిన అర్థం ఒక మెట్టు దూరమైంది. ఆ దూరాన్ని పూడ్చినది ప్రసంగాలూ కీర్తనలూ. గ్రంథం వాత్సల్యం అన్నచోట ఉపదేశి కడుపుతీపి అన్నప్పుడే శరీరధారణ అనే సిద్ధాంతం శరీరానికి అందింది.

జాషువ: గుడిలోని గబ్బిలం

క్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యకావ్యంగా మలచిన గుర్రం జాషువ (1895–1971) వినుకొండ వాడు. దిగువ డెల్టా వాడు కాడు. అయినా ఈ చర్చలో ఆయనను దాటిపోవడం సాధ్యం కాదు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పద్యవిద్యను పండితుల సొత్తుగా భావించిన సాహిత్యలోకంలో, సభాప్రవేశానికే అవమానాలు ఎదుర్కొన్న కవి, అదే పద్యంలో క్రీస్తు కథ చెప్పాడు. ఇది కూడా ఒక సత్రం గడపను దాటడమే.

అయితే క్రిస్మస్ అర్థానికి కీలకమైన జాషువ ఊహ క్రీస్తు చరిత్ర కంటె ముందటి గబ్బిలంలో ఉంది. 1941 నాటి ఆ కావ్యంలో గుడిలోకి పోలేని నాయకుడు, గుడి కప్పున వేలాడగల గబ్బిలాన్ని దూతగా చేసుకొని కాశీలోని శివునికి తన బాధ చెప్పమంటాడు. మనిషికి చోటు లేనిచోట పక్షికాని పక్షికి చోటుంది. సత్రంలో చోటు లేక తొట్టిలో చోటు దొరకడానికి ఇది తలకిందులైన రూపం. గబ్బిలంలో మనిషి కబురు పైకి పోవలసి వచ్చింది. దేవుడు ఉన్నచోటే ఉన్నాడు. క్రీస్తుకథలో కబురు కిందికి వచ్చింది. దేవుడు గడప బయటివారి చోటుకే చేరాడు. గబ్బిలంలోని ప్రశ్నకు జవాబు క్రీస్తు చరిత్రలో ఉందని సరళంగా తేల్చడం విమర్శకు తగదు. రెండవ కావ్యం మొదటిదానిలోని నిలదీతను కొట్టివేయదు. ఆ నిలదీత వినవలసిన దైవం ఎక్కడ ఉండాలో మాత్రమే అది చూపుతుంది.

ఉప్పెన తరువాతి దయ

1864 నవంబరు 1న తుపానుతో పాటు వచ్చిన ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచెత్తింది. సుమారు 30,000 మంది మరణించినట్లు చరిత్ర చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి మళ్లీ సముద్రం వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీరగ్రామాల పేర్లు ఆ రాత్రితో తెలుగువారి స్మృతిలో స్థిరపడ్డాయి. పది వేల మందికి పైగా చనిపోయారని లెక్క. ఆ ఏడు క్రిస్మస్ సరిగ్గా 36వ రోజున వచ్చింది.

‘వచ్చు’ అనే క్రియ ఈ సందర్భంలో భయంకరమైన బరువు మోస్తుంది. తీరవాసుల నుడిలో ఉప్పెన వస్తుంది, దేవుడూ వస్తాడు. రెండూ పిలవని రాకలే. రెండూ రాత్రివేళ రాకలే. పంపినవాడు ఒక్కడేనా అన్న ప్రశ్నను ఏ విశ్వాసీ తప్పించుకోలేడు. దైవదయను సర్వశక్తిమంతుని కటాక్షంగా మాత్రమే అర్థం చేసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు లేదు. బతికినవారి మీద కటాక్షం పడిందంటే చనిపోయినవారి మీద పడలేదని ఒప్పుకోవాలి. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట ఆ వాదం నిలవదు. నిలపడం దయకు విరుద్ధం కూడా.

క్రిస్మస్ కథలోనే ఈ తల్లికి చోటుందన్న సంగతిని పండుగ ఉత్సాహం తరచు మరిపిస్తుంది. మత్తయి సువార్త జననకథలో హేరోదు చంపించిన పసివారి ఘట్టం ఉంది. అక్కడ రాహేలు పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పును నిరాకరిస్తుంది. సువార్తికుడు ఆమెను ఓదార్చే ప్రయత్నం చేయలేదు, కారణం వివరించలేదు, ఆమె ఏడుపును కథలో అలాగే ఉంచాడు. దైవప్రేమను చాటే గ్రంథం ఆ ప్రేమకు ప్రతివాదంగా నిలిచే సాక్షిని తన మొదటి పుటల్లోనే కూర్చోబెట్టింది. కాసుల పురుషోత్తమకవి దాక్షిణ్యం కలవాణ్ణి దాక్షిణ్యం ఎక్కడని అడిగిన తీరూ, బైబిలు కీర్తనల్లోని విలాపాల తీరూ ఇక్కడ ఒకచోట కలుస్తాయి. నింద భక్తికి వెలుపలిది కాదు. దయ ఉండాలని నమ్మినవాడే దయ లేదని తగవు పడగలడు. దివిసీమ కవికి శతకంగా అందిన ఈ హక్కు దివిసీమ క్రైస్తవునికి క్రిస్మస్ పాఠంగా అందింది.

ఉప్పెన తరువాత దయ అనే మాటకు మిగిలిన అర్థం నడిచివచ్చిన మనుషుల్లో కనిపించింది. శవాలు తీసినవారు, గంజి కాచినవారు, ఇళ్లు కట్టించినవారు నానామతాలవారు, నానాసంస్థలవారు. దివిసీమ పునర్నిర్మాణంలో మండలి వెంకట కృష్ణారావు కృషి సుప్రసిద్ధం. ఈ దయకు క్రైస్తవం ఏకస్వామ్యం చెప్పుకోజాలదు. క్రిస్మస్ అర్థం ప్రకారం చెప్పుకోనక్కరలేదు కూడా. సమరయుని ఉపమానంలో గాయపడినవాని దగ్గరికి వచ్చినవాడు పరాయి సమాజం వాడు. కథ అతని మతాన్ని సరిదిద్దలేదు. అతని జాలిని ఆదర్శంగా నిలిపింది. చేరువకు రావడమే దయకు గుర్తు అన్న సూత్రం ఉపమానంలోనూ తొట్టికథలోనూ ఒకటే.

ముగింపు

కృష్ణా దిగువ డెల్టా నుడిలో క్రిస్మస్ అర్థాన్ని పరిశీలించినప్పుడు కొన్ని అంశాలు తేలుతున్నాయి. దయ, కృప, కరుణ, ప్రేమ అనే మాటలు క్రైస్తవానికి ముందే ఈ సీమలో దైవపరంగా వాడుకలో ఉన్నాయి. అనువాదం వాటిని నిలుపుకుంటూనే దయ పక్కన ప్రేమను జంటగా నిలిపి, పైనుండి పడే చూపును పక్కకు వచ్చే రాకగా మార్చింది. ‘సత్రము’ అనే పదం మూలార్థానికి కొంత ఎడమైనా, దయాసంస్థలోనే దయకు చోటు లేకపోవడమనే అర్థాన్ని తెలుగు కథకు సమకూర్చింది. ‘తొట్టి’ శ్రామికుని చోటునూ పసివాని ఉయ్యాలనూ కలిపింది. స్ప్లాంఖ్న అనే మూలపదానికి పేగుబంధం వంటి దేశి పలుకుబడి అందుబాటులో ఉండీ గ్రంథస్థం కాకపోవడం అనువాదచరిత్రలో ఒక నష్టం. రాబోయే అనువాదకులు దీనిని పరిశీలించవలసి ఉంది.

ఈ అంశాలన్నిటి వెనుక ఉన్నది గడప. మర్యాదగా ‘దయచేయండి’ అనే మాటకు లోపలికి రమ్మనీ బయటికి వెళ్లమనీ రెండర్థాలు ఉన్నట్లే, దయ పేర కట్టిన ప్రతి ఇంటికీ రెండు ముఖాలు ఉంటాయి. సత్రానికీ పాఠశాలకూ గుడికీ చర్చికీ ఇది వర్తిస్తుంది. క్రిస్మస్ కథ ఆ గడపకు ఏ వైపున నిలబడిందో తెలుగు పాఠం స్పష్టంగానే చెప్పింది. అందుచేత ఈ సీమలో ఆ పండుగ అర్థాన్ని ఆరాధనలో ఎంత వెదకాలో, ఆ రాత్రి ఎవరి వాకిట ఎవరు నిలిచారు, ఎవరిని లోపలికి పిలిచారు అన్నదానిలోనూ అంతే వెదకాలి.